కాందిశీకుల ఆప్తబంధువు ఫ్రిట్‌యోఫ్ నాన్సెన్

యుద్ధం ప్రారంభించడం సులభం, ముగించడం కష్టం. యుద్ధం కూల్చివేసిన దేశాన్ని తిరిగి నిలబెట్టడం అంతకంటె కష్టం. సంధిపత్రం మీద సంతకాలు పడిన మరునాడు వార్తాపత్రికలు శాంతి నెలకొన్నదని ప్రకటిస్తాయి. కాని శిబిరాలలో మగ్గుతున్న ఖైదీ అప్పటికింకా ఇల్లు చేరి ఉండడు. ఊరు విడిచి పారిపోయిన రైతుకు విత్తనం గాని, నాగలి గాని ఉండవు. తల్లిదండ్రులను కోల్పోయిన బిడ్డకు పిడికెడు మెతుకులు పెట్టే దిక్కుండదు. వీరందరి బాధ్యత ఎవరిది? ఓడిన దేశానికి శక్తి లేదు. గెలిచిన దేశానికి ఆసక్తి లేదు. తటస్థంగా నిలిచిన దేశం తనకెందుకని ఊరకుంటుంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన పిదప ఐరోపా ఖండంలో ఏర్పడిన పరిస్థితి ఇదే.

అట్టి సమయంలో ఆ బాధ్యత లోకమంతటిదీ అని నమ్మి, ఆ నమ్మకాన్ని ఆచరణలో పెట్టి చూపిన మహనీయుడు ఫ్రిట్‌యోఫ్ నాన్సెన్. ఆయన ఏ సామ్రాజ్యానికీ అధినేత కాడు. ఆయన వెనుక సైన్యం లేదు, ధనాగారం లేదు. ఉత్తరాన మంచుకొండల నడుమ ఉన్న నార్వే అనే చిన్న దేశపు పౌరుడు. వృత్తి చేత శాస్త్రజ్ఞుడు. ప్రవృత్తి చేత సాహసి. అట్టివాడు తన జీవితంలోని చివరి పది సంవత్సరాలను దిక్కులేని జనుల కొరకు ధారపోశాడు. ఆ పదేండ్ల కృషిలో విజయాలున్నాయి, పరాజయాలున్నాయి, నేటికీ చర్చనీయాంశంగా నిలిచిన ఒక నిర్ణయమూ ఉన్నది. వాటినన్నిటినీ తెలుసుకోవడం మన విద్యార్థులకు ప్రయోజనకరమని తలచి ఈ వ్యాసానికి పూనుకున్నాను.

నాన్సెన్ 1861 అక్టోబరు 10వ తేదీన నార్వే రాజధాని క్రిస్టియానియా నగర శివార్లలో జన్మించాడు. ఆ నగరమే నేటి ఓస్లో. తండ్రి బాల్డూర్ న్యాయవాది, నీతినియమాలలో కఠినుడు. తల్లి అడిలైడ్ ఆరుబయట సంచరించడాన్ని ఇష్టపడే ధైర్యశాలి. ఇంటికి సమీపంలోనే దట్టమైన అడవులు ఉండేవి. స్కీలు అనబడే పొడవైన చెక్క పలకలను కాళ్ళకు కట్టుకొని మంచుమీద జారుతూ పోవడంలో నాన్సెన్ బాల్యంలోనే ఆరితేరాడు. రోజుల తరబడి అడవిలో గడుపుతూ, దొరికినది తిని, చెట్ల క్రింద నిద్రించేవాడు. కొద్దిపాటితో తృప్తిపడడం, చలికీ ఆకలికీ వెరవకపోవడం, ఎవరిపైనా ఆధారపడక తన పని తాను చేసుకొనడం అనే గుణాలు ఆ అడవి ఆయనకు నేర్పిన పాఠాలు.

విశ్వవిద్యాలయంలో ఆయన జంతుశాస్త్రాన్ని ఎన్నుకొన్నాడు. విద్యార్థిగా ఉన్నప్పుడే 1882లో సీలు జంతువులను వేటాడే వైకింగ్ అనే నౌకలో ఆర్కిటిక్ సముద్రానికి ప్రయాణమై పోయాడు. గ్రీన్‌లాండు తీరాన్ని దూరం నుండి తొలిసారిగా చూచినది ఆ ప్రయాణంలోనే. తిరిగి వచ్చిన తరువాత బెర్గెన్ నగరంలోని మ్యూజియంలో ఉద్యోగం లభించింది. అక్కడ సూక్ష్మదర్శిని ముందు కూర్చుండి సముద్ర జీవుల నాడీమండలాన్ని గూర్చి పరిశోధన సాగించి, 1888లో డాక్టరేటు పొందాడు. నాడీకణాలను గూర్చిన ఆధునిక సిద్ధాంతానికి బాటలు వేసిన తొలి పరిశోధకులలో ఆయన ఒకడు. మరొకరైతే ఆ కీర్తితోనే తృప్తి చెంది ఉండేవారు. నాన్సెన్ మాత్రం డాక్టరేటు పరీక్ష ముగిసిన కొద్ది దినాలకే గ్రీన్‌లాండు యాత్రకు బయలుదేరాడు.

అంతకు పూర్వం గ్రీన్‌లాండు లోపలి హిమపీఠాన్ని ఈ తీరం నుండి ఆ తీరానికి దాటినవారు లేరు. దాటడానికి ప్రయత్నించినవారు జనావాసాలున్న పశ్చిమ తీరం నుండి బయలుదేరి, కష్టం వచ్చినప్పుడు వెనుదిరిగేవారు. నాన్సెన్ ఇందుకు విరుద్ధంగా ఆలోచించాడు. నిర్జనమైన తూర్పు తీరంలో దిగి పడమటికి నడవాలని నిశ్చయించాడు. వెనుదిరిగితే చేరడానికి చోటు లేదు కనుక ముందుకు సాగక తప్పదని ఆయన తర్కం. తనతో కలిపి ఆరుగురు మాత్రమే ఉన్న ఆ బృందం 1888 ఆగస్టులో నడక ప్రారంభించి సెప్టెంబరు చివరకు పశ్చిమ తీరం చేరింది. ఆ ఏటికి చివరి ఓడ అప్పటికే వెళ్ళిపోయినందున అచ్చటి ఆదివాసుల నడుమ చలికాలమంతా గడపవలసి వచ్చింది. వారి గుడిసెలలో నివసించి, వారి పడవలు నడపడం నేర్చుకొని, వారి జీవన విధానాన్ని గౌరవంతో గమనించి నాన్సెన్ పుస్తకం వ్రాశాడు. నాగరికత అనేది ఒక జాతి సొత్తు కాదన్న భావం ఆయనలో ఆనాడే నాటుకొన్నది.

తరువాతి యాత్ర లోకాన్ని నివ్వెరపరచింది. సైబీరియా సమీపంలో 1881లో మునిగిపోయిన ఒక అమెరికన్ నౌక శకలాలు మూడేండ్ల తరువాత గ్రీన్‌లాండు తీరానికి కొట్టుకొని వచ్చాయి. దీనినిబట్టి ధ్రువ సముద్రంలోని మంచు ఒక ప్రవాహం వలె కదులుతున్నదని నాన్సెన్ ఊహించాడు. మంచును ఎదిరించే నౌక ఎంత గట్టిదైనా నుగ్గునుగ్గు అవుతుంది. మంచు ఒత్తిడికి పైకి తేలే నౌకను నిర్మిస్తే ఆ మంచే దానిని మోసుకొని పోతుంది. ఈ ఆలోచన ప్రకారం గుండ్రని అడుగుభాగంతో ఫ్రామ్ అనే నౌక తయారైంది. ఆ పేరుకు ముందుకు అని అర్థం. ఆనాటి ప్రముఖ యాత్రికులు పలువురు ఇది పిచ్చి ఊహ అని పరిహసించారు. 1893లో పదమూడు మందితో ఫ్రామ్ బయలుదేరి, మంచులో చిక్కుకొని, ఊహించినట్లే ప్రవాహంతో పాటు కదలసాగింది.

నౌక ధ్రువానికి చేరువగా పోదని గ్రహించిన నాన్సెన్ 1895 మార్చిలో యోహాన్‌సెన్ అనే అనుచరునితో కుక్కల బండ్లమీద మంచులోకి దిగాడు. ఏప్రిల్ 8వ తేదీన వారు 86 డిగ్రీల 14 నిమిషాల ఉత్తర అక్షాంశం చేరారు. అంతవరకు మానవుడు అడుగుపెట్టిన స్థానాలలో అదే ఉత్తరపు కొస. తిరుగు ప్రయాణంలో ఫ్రాంజ్ జోసెఫ్ దీవులలో రాళ్ళతో, జంతు చర్మాలతో గుడిసె కట్టుకొని ధ్రువపు ఎలుగుబంట్ల మాంసంతో చలికాలం వెళ్ళబుచ్చారు. 1896 జూన్‌లో దైవికంగా ఒక ఆంగ్ల యాత్రికుడు ఎదురుపడడంతో స్వదేశం చేరగలిగారు. ఆ ఆగస్టులోనే ఫ్రామ్ కూడ చెక్కుచెదరక తిరిగి వచ్చింది. పదమూడు మందిలో ఒక్క ప్రాణమైనా నష్టం కాలేదు. ముప్పయి అయిదేండ్ల వయస్సుకే నాన్సెన్ పేరు తెలియని దేశం లేకపోయింది.

ఈ కీర్తిని దేశం తన అవసరాలకు వినియోగించుకొన్నది. 1905లో స్వీడన్ నుండి నార్వే శాంతియుతంగా విడివడినప్పుడు నాన్సెన్ రాయబారాలు నడిపాడు. తరువాత రెండేండ్లు లండన్‌లో నార్వే రాయబారిగా పనిచేశాడు. 1907 డిసెంబరులో భార్య ఈవా మరణించింది. ఆయన పదవి విడిచి, సముద్రశాస్త్ర ఆచార్యునిగా పరిశోధనలో మునిగిపోయాడు. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. తటస్థ దేశమైన నార్వేకు కూడ ధాన్యం కొరత ఏర్పడగా, 1917లో ఆయన వాషింగ్టన్ వెళ్ళి నెలల తరబడి సంప్రదింపులు జరిపి, మరుసటి సంవత్సరం ఆహార దిగుమతికి ఒప్పందం కుదిర్చాడు. దూరాన జరిగే యుద్ధం పొరుగువాని కంచంలోని కూటిని సైతం లాగివేస్తుందని ఆయనకు అనుభవపూర్వకంగా తెలిసినది అప్పుడే.

1920 ఏప్రిల్‌లో నూతనంగా ఏర్పడిన నానాజాతి సమితి ఆయనకు ఒక బాధ్యతను అప్పగించింది. యుద్ధం ముగిసి ఏడాదిన్నర కావస్తున్నా లక్షలాది యుద్ధఖైదీలు ఇండ్లకు చేరలేదు. జర్మనీ, ఆస్ట్రియా, హంగరీ సైనికులు రష్యాలోనూ, సైబీరియాలోనూ చిక్కుపడి ఉన్నారు. రష్యన్ సైనికులు మధ్య ఐరోపాలో ఉన్నారు. చలి, ఆకలి, టైఫస్ జ్వరం వారిని తినివేస్తున్నాయి. చిక్కేమిటంటే, రష్యాలోని బోల్షివిక్ ప్రభుత్వాన్ని గొప్ప రాజ్యాలు గుర్తించవు. ఆ ప్రభుత్వం నానాజాతి సమితిని గుర్తించదు. ఒకరి ముఖం ఒకరు చూడని ఈ ఇరుపక్షాల నడుమ ఇరువురూ నమ్మగలిగిన వ్యక్తి కావలసి వచ్చింది. సమితితో మాట్లాడనన్న మాస్కో ప్రభుత్వం నాన్సెన్ అనే వ్యక్తితో మాట్లాడడానికి అంగీకరించింది.

ఆయనకు సమితి ఇచ్చిన ధనం అత్యల్పం. ఆయన ప్రభుత్వాల నుండి అప్పులు సమకూర్చాడు, ఓడలు సంపాదించాడు, బాల్టిక్ తీరంలో ఖైదీలకు స్నానపానాలకు, వైద్యానికి శిబిరాలు ఏర్పాటు చేయించాడు. ఒకవైపు రష్యన్లను దింపిన ఓడయే మరలివచ్చేటప్పుడు జర్మన్లను, ఆస్ట్రియన్లను ఎక్కించుకొని వచ్చేది. 1922 నాటికి సుమారు 26 దేశాలకు చెందిన 4,27,886 మంది ఖైదీలు స్వస్థలాలు చేరినట్లు ఆయన సమితికి నివేదించాడు. ఒక దేశాన్ని పునర్నిర్మించడానికి మొట్టమొదట కావలసినది ఆ దేశపు మనుష్యులే కదా! ఈ విధంగా ఎన్నో దేశాల పొలాలకు, కర్మాగారాలకు, కుటుంబాలకు వారివారి మనుష్యులను ఆయన అప్పగించాడు.

ఈ పని పూర్తి కాకమునుపే మరొక విపత్తు సంభవించింది. ప్రపంచ యుద్ధం, అంతర్యుద్ధం, ప్రభుత్వం రైతుల నుండి బలవంతంగా ధాన్యం సేకరించడం అనే మూడు కారణాల వల్ల రష్యా అప్పటికే కృశించి ఉన్నది. గోరుచుట్టు మీద రోకటిపోటు వలె 1921లో వోల్గా ప్రాంతంలో వానలు కురియలేదు. కోట్లాది జనం కరువు పాలబడ్డారు. ఆ ఆగస్టులో జెనీవాలో సమావేశమైన రెడ్ క్రాస్ తదితర సంస్థలు కరువు సహాయానికి నాన్సెన్‌ను అధిపతిగా ఎన్నుకొన్నాయి. సెప్టెంబరులో ఆయన నానాజాతి సమితి సభలో నిలిచి ప్రభుత్వాలను రుణం కొరకు అర్థించాడు. అట్లాంటిక్‌కు ఆవల ధాన్యం కొనేవారు లేక కుప్పలు పడి ఉన్నదనీ, ఓడలు పనిలేక రేవులలో నిలిచి ఉన్నాయనీ, లేనిది సంకల్పం మాత్రమేననీ వివరించాడు.

ప్రభుత్వాలు చలించలేదు. అన్నం పెడితే బోల్షివిక్కులు బలపడతారన్నది వారి భయం. కోట్లాది ప్రాణాలను రాజకీయ శంకకు బలి యిచ్చుట న్యాయమా అని నాన్సెన్ సభ నుండి ప్రజల వద్దకు పోయాడు. కరువు ప్రాంతాలకు స్వయంగా వెళ్ళి, ఎముకల గూళ్ళవలె ఉన్న బిడ్డలను చూచి, ఛాయాచిత్రాలు తీయించి, ఐరోపా, అమెరికా నగరాలలో ప్రదర్శించి విరాళాలు సేకరించాడు. హెర్బర్టు హూవర్ నాయకత్వంలోని అమెరికా సహాయ సంస్థ అన్నిటికంటె పెద్ద భారం వహించి, 1922 వేసవిలో రోజుకు సుమారు కోటి మందికి ఆహారం అందించింది. అయినప్పటికీ మృతుల సంఖ్య యాభై లక్షల వరకు ఉండునని చరిత్రకారుల అంచనా. నాన్సెన్ సోవియట్ అధికారులను అతిగా విశ్వసించాడన్న విమర్శ కూడ ఉన్నది. కరువు పూర్తిగా తీరకమునుపే ఆ ప్రభుత్వం ధాన్యం ఎగుమతికి పూనుకొనడంతో దాతలు చేయి ముడుచుకొన్నారు. సహాయం చేసేవారిలోనే కాక, పొందేవారిలో కూడ నిజాయితీ లోపిస్తే నష్టపోయేది పేదవాడే అని ఈ ఉదంతం తెలుపుతున్నది.

అదే కాలంలో మరొక సమస్య ఆయన ముందుకు వచ్చింది. విప్లవం నుండి, అంతర్యుద్ధం నుండి పారిపోయిన పది లక్షలకు పైగా రష్యన్లు కాన్‌స్టాంటినోపుల్, బెర్లిన్, పారిస్ మొదలైన నగరాలలో తలదాచుకొన్నారు. 1921 డిసెంబరులో సోవియట్ ప్రభుత్వం వారి పౌరసత్వాన్ని రద్దు చేసింది. అంతటితో వారు ఏ దేశానికీ చెందనివారైపోయారు. గుర్తింపు పత్రం లేనివానికి సరిహద్దు దాటే వీలు లేదు, పని దొరకదు, పెండ్లి నమోదు కాదు. మనిషి సజీవంగా ఉన్నా కాగితం మీద లేడు. వారికి అన్నవస్త్రాల కంటె ముందు కావలసినది ఒక కాగితమని నాన్సెన్ గ్రహించాడు. 1922 జూలైలో జెనీవాలో ప్రభుత్వాల ప్రతినిధులను సమావేశపరచి, కాందిశీకులకు ఒక గుర్తింపు పత్రం ఇచ్చే ఏర్పాటు చేయించాడు. అదియే నాన్సెన్ పాస్‌పోర్టు అని ప్రసిద్ధి చెందింది.

క్రమంగా యాభైకి పైగా ప్రభుత్వాలు ఆ పత్రాన్ని అంగీకరించాయి. 1924లో ఆర్మీనియన్లకు, తరువాత మరికొన్ని జాతులకు ఆ సౌకర్యం విస్తరించింది. రుసుము చెల్లించగలవారి పత్రంపై నాన్సెన్ బొమ్మ గల బిళ్ళ అంటించేవారు. ఆ రుసుము పేద కాందిశీకుల సహాయానికి వినియోగపడేది. సంగీతకారుడు స్ట్రావిన్‌స్కీ, చిత్రకారుడు షగాల్, రచయిత నబొకోవ్ మొదలైనవారు ఆ పత్రంతోనే కొంతకాలం జీవించారు. పేరులేని కార్మికులు, దర్జీలు, బండి తోలేవారు లక్షల సంఖ్యలో దానితోనే పనులు సంపాదించి కుటుంబాలను నిలుపుకొన్నారు. 1922 డిసెంబరులో నాన్సెన్‌కు నోబెల్ శాంతి బహుమతి లభించింది. ఆ ధనాన్ని ఆయన తన ఇంటికి తీసుకొని పోలేదు. రష్యాలో ఆదర్శ వ్యవసాయ క్షేత్రాలకు, గ్రీసులోని కాందిశీకుల పునరావాసానికి వెచ్చించాడు.

గ్రీసును గూర్చి కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. ఎందుకంటే యుద్ధంలో చితికిన ఒక దేశాన్ని పలు దేశాలు కలిసి నిలబెట్టిన తొలి ప్రయత్నాలలో అది ముఖ్యమైనది. 1919లో గ్రీకు సైన్యం స్మిర్నా రేవులో దిగి అనతోలియాలోకి చొచ్చుకొనిపోగా, ముస్తఫా కమాల్ నాయకత్వంలో టర్కులు మూడేండ్లు పోరాడి 1922 సెప్టెంబరు నాటికి వారిని తరిమివేశారు. మన దేశంలో హిందువులూ ముస్లిములూ కలిసి సాగించిన ఖిలాఫత్ ఉద్యమ దినాలవి. టర్కీ భవిష్యత్తును గూర్చి ఇక్కడి ఇండ్లలో కూడ ఆత్రుతతో చర్చించుకొనేవారు. ఆ యుద్ధంలో గ్రామాలు తగులబెట్టబడ్డాయి. రెండు పక్షాలలోనూ నిరపరాధులు హతులయ్యారు. స్మిర్నా నగరం అగ్నికి ఆహుతి అయింది. లక్షల సంఖ్యలో క్రైస్తవులు ఓడలెక్కి గ్రీసుకు పారిపోయారు.

ఆనాటి గ్రీసు జనాభా సుమారు యాభై లక్షలు. అట్టి బీద దేశం మీద పన్నెండు లక్షల మంది కాందిశీకులు వచ్చిపడ్డారు. ఇంట్లో నలుగురున్న కుటుంబానికి మరొకరిని శాశ్వతంగా పోషించవలసి వచ్చినట్లు లెక్క. ఏథెన్సులో పాఠశాలలు, గిడ్డంగులు, నాటకశాలలు సైతం వారితో నిండిపోయాయి. టైఫస్, మశూచి వ్యాపించాయి. కాన్‌స్టాంటినోపుల్ చేరిన నాన్సెన్ గొప్ప రాజ్యాల కోరికపై గ్రీకు, టర్కీ ప్రభుత్వాలతో సంప్రదింపులు ప్రారంభించాడు. 1923 జనవరి 30వ తేదీన లోజాన్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం, అనతోలియాలో మిగిలిన గ్రీకు సనాతన క్రైస్తవులను గ్రీసుకు, గ్రీసులోని ముస్లిములను టర్కీకి నిర్బంధంగా తరలించడానికి నిర్ణయమైంది. ఇస్తాంబుల్‌లోని గ్రీకులకు, పశ్చిమ థ్రేస్‌లోని ముస్లిములకు మాత్రం మినహాయింపు లభించింది.

నాన్సెన్ జీవితంలో అత్యంత వివాదాస్పదమైన ఘట్టం ఇది. ఎవరు ఎటు పోవాలన్నది నిర్ణయించినది మతమే కాని భాష కాదు, ఇష్టం కాదు. టర్కీ భాష తప్ప మరొకటి తెలియని అనతోలియా క్రైస్తవులు గ్రీసుకు పంపబడ్డారు. గ్రీకు భాష మాట్లాడే క్రీటు దీవి ముస్లిములు టర్కీకి పంపబడ్డారు. ఉన్న ఊరు కన్నతల్లి అంటారు. తరతరాలుగా సాగుచేసిన ఆలివు తోటలను, పూర్వుల సమాధులను విడిచి సుమారు మూడున్నర లక్షలకు పైగా ముస్లిములు ఓడలెక్కారు. ఇంటికి తాళం వేసి, చెవి వెంట తీసుకొని పోయినవారు కూడ ఉన్నారు. మరొక రక్తపాతం జరగకుండా ఉండాలంటే ఇంతకంటె మార్గం లేదని నాన్సెన్ భావించాడు. చాలమంది అప్పటికే పారిపోయి ఉన్నందున, జరిగినదానికి ఒక క్రమాన్ని, పరిహారాన్ని కల్పించాలన్నది ఆయన ఉద్దేశం. కాని మనిషిని అతని సమ్మతి లేకుండా స్వస్థలం నుండి పెకలించడం న్యాయమని ఏ ఒప్పందమూ నిరూపించజాలదు. మహనీయుని జీవితం చదివేటప్పుడు ఇట్టి ప్రశ్నను దాచిపెట్టడం ఆయనకు గౌరవం కాదు.

తరలింపు కంటె పునరావాసం క్లిష్టమైనది. అందులో నాన్సెన్ దూరదృష్టి స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన పశ్చిమ థ్రేస్‌లో సుమారు పదివేల మందిని పల్లెలలో స్థిరపరచి, పనిముట్లు, విత్తనాలు ఇప్పించగా వారు కొద్దికాలంలోనే తమ కాళ్ళపై తాము నిలబడ్డారు. ఊరికే రొట్టె పంచడం కంటె భూమి, విత్తనం, పని కల్పించడం చౌక అని దీనివల్ల రుజువైంది. గ్రీసుకు అంతర్జాతీయ రుణం ఇప్పించాలని ఆయన సమితికి సూచించాడు. 1923 సెప్టెంబరులో జెనీవాలో కుదిరిన ఒప్పందం ప్రకారం కాందిశీకుల పునరావాస సంఘం ఏర్పడింది. అందులో సభ్యులు నలుగురు: గ్రీకు ప్రభుత్వం నియమించినవారు ఇరువురు, నానాజాతి సమితి నియమించినవాడు ఒకడు, అధ్యక్షుడుగా ఒక అమెరికన్. తొలి అధ్యక్షుడు హెన్రీ మోర్గెంథావ్.

ఈ సంఘం నియమాలలో ఒకటి గమనింపదగినది. రుణధనాన్ని తాత్కాలిక సహాయానికి ఖర్చు చేయరాదు. కాందిశీకుణ్ణి ఉత్పాదక వృత్తిలో నిలబెట్టడానికే వినియోగించాలి. గ్రీకు ప్రభుత్వం సుమారు 5 లక్షల హెక్టార్ల భూమిని సంఘానికి అప్పగించింది. 1924లో లండన్, న్యూయార్కు, ఏథెన్సు నగరాలలో 1 కోటి 23 లక్షల పౌన్ల రుణం సేకరించారు. తగ్గింపు ధరకు విక్రయించినందున చేతికి వచ్చినది సుమారు కోటి పౌన్లు. వడ్డీ నూటికి ఏడు. ఆ ధనంతో మాసిడోనియాలోనూ, థ్రేస్‌లోనూ ఇండ్లు లేచాయి. ఎద్దులు, నాగళ్ళు, విత్తనాలు పంపిణీ అయ్యాయి. ఏథెన్సు చుట్టూ కాందిశీకుల పేటలు వెలిశాయి. 1930 చివరకు సంఘం తన పని ముగించేనాటికి 5 లక్షలకు పైగా జనం పల్లెలలో స్థిరపడ్డారు. గోధుమ, పొగాకు పంటలు పెరిగాయి. అనతోలియా నుండి వచ్చినవారు తివాచీల నేతను వెంట తెచ్చారు. భారమని తలచిన జనమే దేశానికి బలమయ్యారు.

అయితే ఇందులోనూ చేదు లేకపోలేదు. చిత్తడి నేలలలో స్థిరపడినవారిని మలేరియా పీడించింది. రుణభారం గ్రీసు మెడకు గుదిబండ అయింది. ప్రపంచ ఆర్థిక మాంద్యంలో 1932లో ఆ దేశం బాకీలు చెల్లించలేకపోయింది. ఆనాటికి సమితిలో సభ్యత్వం లేని టర్కీ తన భాగానికి వచ్చిన కాందిశీకులను ఇట్టి రుణం లేకుండా, ఒక ప్రత్యేక మంత్రిత్వశాఖను ఏర్పరచి, పరిమిత వనరులతోనే స్థిరపరచవలసి వచ్చింది. ఒక కష్టానికి లోకం సహాయం లభించి, అదే కష్టానికి మరొకచోట లభించకపోవడం అంతర్జాతీయ సహకారంలోని లోపం.

ఈ లోపం నాన్సెన్‌ను జీవితాంతం బాధించింది. ప్రపంచ యుద్ధకాలంలో సామూహిక సంహారానికి గురై చెల్లాచెదరైన ఆర్మీనియన్లకు నివాసం కల్పించాలని 1925లో ఆయన సోవియట్ ఆర్మీనియా వెళ్ళి, ఎడారి భూములకు నీరు పారించే పథకాన్ని నిపుణులతో తయారు చేయించాడు. ఏటేటా సమితి సభలో ధనం కొరకు ప్రాధేయపడ్డాడు. ప్రభుత్వాలు సానుభూతి వెలిబుచ్చాయి, ధనం ఇవ్వలేదు. గ్రీసుకు దొరికిన రుణం ఆర్మీనియాకు దొరకలేదు. మంచుగడ్డల నడుమ ఓడను నడిపించగలిగిన వ్యక్తి రాజ్యాల ఉదాసీనతను మాత్రం కరిగించలేకపోయాడు. అయినా ఆయన నిరాశ చెందలేదు. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఆయనను తమ గౌరవాధిపతిగా ఎన్నుకొనగా, 1926లో అక్కడకు వెళ్ళి సాహసాన్ని గూర్చి యువకులకు ఉపన్యసించాడు.

1930 మే 13వ తేదీన నార్వేలోని స్వగృహంలో నాన్సెన్ తన 68వ ఏట కన్నుమూశాడు. ఆ దేశపు జాతీయ దినమైన మే 17వ తేదీన అంత్యక్రియలు జరిగాయి. ఆయన పేర నెలకొల్పిన అంతర్జాతీయ కాందిశీకుల కార్యాలయానికి 1938లో నోబెల్ శాంతి బహుమతి లభించింది. రెండవ ప్రపంచ యుద్ధం ముగియకమునుపే, 1943లో నలభై నాలుగు దేశాలు కలిసి సహాయ పునరావాస సంస్థను స్థాపించాయి. 1951లో కాందిశీకుల హక్కులను గూర్చి అంతర్జాతీయ ఒడంబడిక ఏర్పడింది. ఐక్యరాజ్య సమితి కాందిశీకుల శాఖ 1954 నుండి నాన్సెన్ పేర పురస్కారం ఇస్తున్నది. ఆయన ఒంటిచేత ప్రారంభించిన పనులకు ఇవన్నీ కొనసాగింపులే.

మనకు ఈ చరిత్ర పరాయిది కాదు. 1947లో మన ఉపఖండంలో కోటికి పైగా జనం కొత్త సరిహద్దులు దాటారు. 1971లో తూర్పు బెంగాలు నుండి సుమారు కోటి మంది మన దేశానికి శరణు కోరి వచ్చారు. అట్టి జనాన్ని చూచినప్పుడు వీరు ఏ పక్షంవారు, ఏ మతంవారు అన్న ప్రశ్న ముందు పుట్టడం లోకసహజం. నాన్సెన్ ముందుగా అడిగినది అది కాదు. వీరికి కావలసినది ఏమి, అది ఎక్కడ ఉన్నది, ఎవరిచేత తెప్పించవచ్చు అన్నవే ఆయన ప్రశ్నలు. ఒకరికి ఓడ, ఒకరికి విత్తనం, ఒకరికి చిన్న కాగితం. రాజ్యాలు పరస్పరం నమ్మనప్పుడు కూడ వాటి నడుమ నమ్మదగిన ఒక్క మనిషి ఉంటే ఎంత పని సాగుతుందో ఆయన జీవితం నిరూపించింది. రేపు న్యాయవాదులు, వైద్యులు, అధికారులు, ఉపాధ్యాయులు కాబోతున్న మన విద్యార్థులు అట్టి నమ్మకానికి పాత్రులు కావాలని ఆకాంక్షిస్తూ ఈ వ్యాసాన్ని ముగిస్తున్నాను.